ఛార్జింగ్ గదిలో మాయమైన నీళ్లు

2023 మార్చి. గుంటూరు మిర్చి యార్డులో రోజూ లారీల కొద్దీ టిక్కీలు దిగుతున్న రోజులు. టిక్కీ అంటే ఎండు మిరపకాయలు తొక్కి నింపిన గోనె బస్తా. ధర నచ్చని రైతులు వాటిని చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల్లో దాచుకుంటారు. నరసరావుపేట రోడ్డు వైపున్న అలాంటి ఒక కోల్డ్ స్టోరేజీ నుంచి మా కంపెనీకి ఫిర్యాదు వచ్చింది. ఫోర్క్‌లిఫ్టు బ్యాటరీ విపరీతంగా నీళ్లు తాగేస్తోందని, వచ్చి చూడమని.

నేను పరిశ్రమల్లో వాడే పెద్ద బ్యాటరీల సర్వీసు ఇంజినీరును. మాది కనిగిరి. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా, ఆ తర్వాత ఇంజినీరింగు చదివాను. మంగళగిరిలోని మా బ్రాంచి ఆఫీసు నుంచి గుంటూరు, ప్రకాశం జిల్లాలు చూసుకుంటాను. ఎక్కడికి వెళ్లినా పనిని ముక్కలుగా విడగొట్టి, ఒకటో మెట్టు తేలాకే రెండో మెట్టు ఎక్కడం నా అలవాటు. ఇంట్లో దీని మీద జోకులున్నాయి. ఆ రోజు మాత్రం ఈ అలవాటే ఒక మనిషి పనిని నిలబెట్టింది.

ముందు ఆ బ్యాటరీ సంగతి చెప్పాలి. ఫోర్క్‌లిఫ్టు అంటే రెండు ఇనుప కొమ్ములతో బస్తాల దొంతరను ఎత్తి మోసుకెళ్లే బండి. సరుకు ఉండే చోట పొగ పనికిరాదు కనుక దాన్ని బ్యాటరీతో నడుపుతారు. ఆ బ్యాటరీలో ఇరవై నాలుగు సెల్స్ ఉంటాయి. ఒక్కో సెల్‌లో సీసపు ప్లేట్లు, వాటిని ముంచుతూ నీళ్లు కలిపిన సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉంటాయి. వాడకంలో నీటి మట్టం కొద్దికొద్దిగా తగ్గుతుంది. వారానికో పది రోజులకో డిస్టిల్డ్ వాటర్ పోసి మట్టం సరిచేస్తారు. దాన్ని మేం టాపింగ్ అప్ అంటాం. ఇక్కడ రోజూ పోయాల్సి వస్తోంది.

యజమాని సాంబశివరావు గారు బ్యాటరీ చూపించకముందే నన్ను ఆఫీసు గదిలో కూర్చోబెట్టి తీర్పు చెప్పేశారు. బ్యాటరీలో లోపం లేదట, మనిషిలో ఉందట. బండి నడిపే మస్తాన్ వలి నీళ్లు పోస్తున్నానని చెప్పి క్యాన్లకు క్యాన్లు ఎటో పంపించేస్తున్నాడని ఆయన అనుమానం. చీరాలలో అతని బావమరిదికి ఇన్వర్టర్ బ్యాటరీల షాపు ఉండటం ఆ అనుమానానికి బలం. "నువ్వు చూసి బ్యాటరీ బాగానే ఉందని ఒక్క ముక్క చెప్పు. సాయంత్రం నుంచి అతన్ని మళ్లీ ముఠాలోకి పంపిస్తా" అన్నారు.

ముఠా అంటే బస్తాలు మోసే కూలీల జట్టు. మస్తాన్ వలి పదేళ్లకు పైగా అందులోనే పనిచేశాడు. నడుము దెబ్బతిన్నాక డాక్టరు బరువు ఎత్తొద్దన్నాడు. అదే ఏడాది ఈ బండి రావడంతో పట్టుబట్టి నడపడం నేర్చుకున్నాడు. అతన్ని మళ్లీ ముఠాలోకి పంపడమంటే పని మార్చడం కాదు, పని మానిపించడమే. దొంగ అన్న పేరు అదనం.

నేను వెళ్లేసరికి అతను ఛార్జింగ్ గది గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. నలభై దాటిన మనిషి. నన్ను చూడగానే చేతులు తుడుచుకుని ఒకటే మాట అన్నాడు. "సార్, నేను పోస్తున్నాను. అది తాగుతోంది. కింద చుక్క పడట్లేదు. ఎటు పోతోందో నాకే అర్థం కావట్లేదు."

అందరూ నీళ్లు తీసింది ఎవరని అడుగుతున్నారు. అతనొక్కడు అవి ఎటు పోతున్నాయని అడిగాడు. నేను ఆ ప్రశ్ననే పట్టుకున్నాను.

మొదటి మెట్టు, నీళ్లు నిజంగా పోస్తున్నాడా? సెల్స్ మూతలు తీసి టార్చి వేసి చూశాను. నీళ్లు చాలాకాలం పోయకపోతే ప్లేట్ల పై అంచులు గాలి తగిలి తెల్లబడతాయి. ఇక్కడ ఒక్క సెల్‌లో కూడా ఆ తెలుపు లేదు. పోస్తున్నాడు. రెండోది, మామూలు కుళాయి నీళ్లు పోసి మంచి నీళ్లు దాచుకుంటున్నాడా? పక్కనున్న క్యాన్‌లో నీళ్లు, అతను సెల్స్‌లోకి పోసే మగ్గులో మిగిలిన నీళ్లు రెండూ మీటరుతో పరీక్షించాను. శుభ్రంగా ఉన్నాయి. హైడ్రోమీటర్ అని ఆమ్లం సాంద్రత కొలిచే గాజు గొట్టం ఉంటుంది. దానితో ఇరవై నాలుగు సెల్స్ చూశాను. అన్నీ నిండుగా ఛార్జి అయి, ఒకదానికొకటి సమానంగా ఉన్నాయి. మూడోది, కారుతోందా? బ్యాటరీ కింది ఇనుప ట్రే పొడిగా ఉంది. చిల్లు లేదు, తుప్పు లేదు.

పోసిన నీళ్లు ఉన్నచోట లేవు. కిందికి పోలేదు. మిగిలింది పైకి.

తలెత్తి చూశాను. ఛార్జింగ్ గదికి పైన రెండు గాలి కంతలు, ఒక ఎగ్జాస్టు ఫ్యాను ఉండాలి. ఉన్నాయి కూడా. ఫ్యాను ఆగిపోయి ఉంది. దాని రెక్కల వెనకా, రెండు కంతల్లోనూ గోనె సంచులు కుక్కి ఉన్నాయి, ఎంత గట్టిగా అంటే వెలుతురు కూడా రావడం లేదు.

ఇది ఇంకో ఊళ్లో జరిగే పొరపాటు కాదు. ఆ గది తలుపు మిరపకాయలు గ్రేడింగ్ చేసే షెడ్డులోకి తెరుచుకుంటుంది. అక్కడ పాతికమంది ఆడవాళ్లు ముక్కులకు గుడ్డలు కట్టుకుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతుంటారు. ఫ్యాను తిరిగితే తలుపు సందుల్లోంచి షెడ్డులోని ఘాటంతా గదిలోకి లాగుతుంది. పక్కనే, పగుళ్లిచ్చిన గోడకు అవతల, ఆఫీసు. గుమాస్తాలు తుమ్మలేక, దగ్గలేక చచ్చిపోతున్నామన్నారు. ఫ్యాను ఆపేశారు, కంతలు మూసేశారు. గుంటూరులో ఘాటును అడ్డుకోవడం కన్నా సహజమైన పని ఏముంటుంది?

ఛార్జరు నడుస్తూనే ఉంది. సెల్స్‌లోంచి సన్నగా బుసబుసమని శబ్దం వస్తోంది. నేను బ్యాగులోంచి గ్యాస్ డిటెక్టర్ తీస్తుండగా గుమ్మం బయట అగ్గిపుల్ల గీసిన చప్పుడయింది.

వచ్చింది కోటేశ్వరరావు గారు, ప్లాంటు ఆపరేటరు. కోల్డ్ స్టోరేజీని చల్లబరిచేది అమ్మోనియా వాయువు. దాని పైపులు ఎక్కడైనా లీకవుతున్నాయేమో చూడటానికి ఈ పనివాళ్లకు ఒక పద్ధతి ఉంది. గంధకం పూసిన పుల్లను వెలిగించి పైపు వెంట తిప్పుతారు. అమ్మోనియా ఉన్నచోట తెల్లటి పొగ లేస్తుంది. చవక, నమ్మకమైన పద్ధతి. ఛార్జింగ్ గదిలో గొంతు గీరుకుంటోందని గుమాస్తా చెబితే, ఆ గోడ వెనక పోయే పైపు మీద అనుమానంతో ఆయన పుల్ల వెలిగించుకుని వస్తున్నారు.

నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"అన్నా, ఆ పుల్ల లోపలికి తేవద్దు. వెనక్కి తీసుకెళ్లి ఇసకలో గుచ్చండి."

"లీకు చూడొద్దా? ఇరవై ఏళ్ల నుంచి ఈ పుల్లతోనే చూస్తున్నా అబ్బాయ్."

"ఇక్కడున్నది అమ్మోనియా కాదన్నా. హైడ్రోజన్. పుల్లతో చూస్తే దొరుకుతుంది. కానీ చూసినవాళ్లం మిగలం."

ఆయన నా ముఖంలోకి చూశారు. పుల్ల తీసుకెళ్లి షెడ్డు అవతల ఇసక బకెట్లో గుచ్చి వచ్చారు. నమ్మి కాదు, పేచీ తర్వాత పెట్టుకుందామని. అప్పటికి సాంబశివరావు గారు, గ్రేడింగ్ ఆడవాళ్లు నలుగురైదుగురు పోగయ్యారు.

ముందు ఛార్జరు ఆపాలి. గదిలో స్విచ్చు నొక్కకూడదు, ప్లగ్గు పీకకూడదు. రెండింటిలోనూ చిన్న నిప్పురవ్వ పుడుతుంది, హైడ్రోజన్‌కు అది చాలు. షెడ్డు చివరనున్న మెయిన్ ప్యానెల్లో ఆ లైను కట్ చేయించాను. తర్వాత డిటెక్టర్‌ను గుమ్మం దగ్గర నేల మీద పెట్టాను. సున్నా చూపించింది. కోటేశ్వరరావు గారు నవ్వారు. నవ్వనిచ్చాను. సాధనాన్ని ఒక పొడవాటి చీపురు కర్రకు కట్టి నెమ్మదిగా పైకెత్తాను. ఛాతీ ఎత్తులో అంకె కదిలింది. తలుపు పై అంచు దాటాక పెరగడం మొదలుపెట్టింది. కప్పుకు జానెడు దూరంలో సాధనం కీచుమని మోగింది. అది మోగిందంటే అంటుకునే స్థాయిలో ఐదో వంతు దాటినట్టు. అక్కడ సగం దాటి ఉంది.

నవ్వు ఆగిపోయింది.

అందరూ బయటికి జరిగాక బయటి గోడ వైపు నుంచి వెదురు కర్రతో గోనె సంచులు పొడిచి లాగించాను. తలుపు బార్లా తెరిచాం. హైడ్రోజన్‌లో ఒక మంచి గుణం ఉంది. దారి ఇస్తే ఒక్క నిమిషం ఆగదు. అన్ని వాయువుల్లోకీ తేలికైనది, గాలి కన్నా పద్నాలుగు రెట్లు తేలిక. కింద పేరుకోదు, మూలల్లో నక్కదు, పైకి పోయి చెదిరిపోతుంది. దారి మూస్తేనే ప్రమాదం. రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. మండితే పగటి వెలుగులో మంట కూడా కంటికి ఆనదు. గాలిలో నాలుగు శాతం నుంచి డెబ్బై ఐదు శాతం దాకా ఎంత కలిసినా అంటుకుంటుంది. గొంతు గీరింది దానివల్ల కాదు, బుడగలతో పాటు లేచిన ఆమ్లపు తుంపర వల్ల.

ఇదంతా చెబుతుంటే మూతిగుడ్డ కిందికి లాగిన ఒకావిడ పక్కావిడతో అంది. "వాసన రాదంట, కంటికి కనపడదంట, ఉందంటే ఉన్నట్టంట. మా ఆయన తెచ్చే కూలి లాగుంది." కోటేశ్వరరావు గారితో సహా అందరూ నవ్వారు.

సాంబశివరావు గారు మాత్రం నవ్వలేదు. ఆయన ప్రశ్న ఆయనకుంది. "గ్యాసు సంగతి సరే. నా నీళ్ల సంగతి చెప్పు."

"రెండూ ఒకటేనండి" అన్నాను.

మాటతో నమ్మే విషయం కాదది. ఆపరేటర్లకు శిక్షణ ఇచ్చేటప్పుడు చూపించడానికి నా బ్యాగులో ఒక చిన్న కిట్ ఉంటుంది. దాన్ని ఆరుబయట, ఎండలో, గదికి చాలా దూరంగా ఒక స్టూలు మీద పెట్టాను. ప్లాస్టిక్ గిన్నెలో నీళ్లు, చిటికెడు చాకలి సోడా, రెండు కార్బన్ పుల్లలు, చిన్న బ్యాటరీ. రెండు పుల్లల మీదా నీళ్లతో నింపిన గాజు గొట్టాలు బోర్లించాను. కాసేపటికి రెండింటిలోనూ బుడగలు లేచాయి. ఒక గొట్టంలో వాయువు రెండో దానికి రెట్టింపు చేరింది. ఎక్కువున్నది హైడ్రోజన్, తక్కువున్నది ఆక్సిజన్. నీరంటే ఆ రెండే కదా. కరెంటు వాటిని విడదీస్తుంది. దీన్ని ఎలక్ట్రాలిసిస్ అంటారు.

హైడ్రోజన్ గొట్టాన్ని మూతి కిందికే ఉంచి బయటికి తీసి, లోపల అంటిన నీళ్లను ఒక సన్నటి గుడ్డతో కింది నుంచే ఒత్తి, అగ్గిపుల్ల గీయమని కోటేశ్వరరావు గారినే అడిగాను. గొట్టం మూతి దగ్గర పెట్టగానే టప్‌మని చిన్న శబ్దం. గొట్టం లోపలి గోడకు సన్నగా మంచు పట్టినట్టు తడి.

సాంబశివరావు గారు గొట్టాన్ని వెలుగుకు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశారు. హైడ్రోజన్ మండితే గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మళ్లీ నీరవుతుందని చెప్పాను. మస్తాన్ వలి పోసిన నీళ్లు క్యాన్లలో చీరాల పోలేదని, బుడగలై మీ గది కప్పు కింద నిలబడ్డాయని చెప్పాను. లెక్క కూడా చెప్పాను. ఒక లీటరు నీరు పూర్తిగా విడిపోతే ఈ ఎండల్లో దాదాపు పదమూడు వందల యాభై లీటర్ల హైడ్రోజన్ అవుతుంది. ఆ గది పన్నెండడుగుల పొడవు, పది వెడల్పు, పది ఎత్తు. అందులో పట్టే గాలిలో నాలుగు శాతం కూడా అంతే. కంతలు మూస్తే చెంబెడు నీళ్లు చాలు.

మరి ఇంత నీరు ఎందుకు విడిపోతోంది? బ్యాటరీ నిండేదాకా కరెంటు ఛార్జిగా నిలవవుతుంది. నిండాక వచ్చే కరెంటుకు వేరే పనేమీ ఉండదు, నీటిని విడగొడుతుంది. అందుకే రోజుకొక్కసారే ఛార్జి పెట్టాలి. ఛార్జరులోని రికార్డు చూస్తే రోజుకు నాలుగైదు సార్లు మొదలైనట్టుంది. ప్లగ్గు పెట్టిన ప్రతిసారీ ఆ ఛార్జరు కొత్తగా మొదలుపెట్టి, చివర్లో కొన్ని గంటలు నిండిన బ్యాటరీలోకే కరెంటు తోస్తుంది. మస్తాన్ వలిని అడిగాను.

"టీకి పోయినప్పుడు పెడతాను సార్, అన్నానికి పోయినప్పుడు పెడతాను, నమాజుకు పోయినప్పుడూ పెడతాను. నేను తింటుంటే అది ఖాళీగా నిలబడటం ఎందుకని. మా నాయన ఎద్దులకు ముందు మేత వేసి తర్వాత ఆయన తినేవాడు."

"ఎద్దయితే చాలనిపించినప్పుడు మొహం తిప్పుకుంటుంది మస్తాన్ గారూ. దీనికి ఆ తెలివి లేదు. పెట్టినంతా తీసుకుని నీళ్లు కక్కుతుంది" అన్నాను.

అతను బండి వైపు చూసి తల ఊపాడు. పట్టించుకోవట్లేదన్న నింద మోస్తున్న మనిషి నిజానికి అతిగా పట్టించుకున్నాడు. ఛార్జరు బిగించిన రోజున ఈ ఒక్క సంగతి అతనికి చెప్పినవాళ్లు లేరు.

గోనె సంచుల మాట రాగానే గుమాస్తాలు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. సాంబశివరావు గారు గొట్టం నా చేతికిచ్చి, ముఠావాళ్లు కూడా వింటుండగానే, మస్తాన్ వలికి ఎదురుగా వెళ్లి నిలబడ్డారు.

"సంచులు కుక్కమన్నది నేనే. నిన్ను అన్నదీ నేనే. రెండూ తప్పేరా మస్తాన్."

"నాదీ ఉందిగా అయ్యగారూ. మీ సంచులూ నా మేతా కలిస్తే మనందరం పైకి పోయేవాళ్లం" అన్నాడతను.

అంత తొందరగా నవ్వగలడని నేననుకోలేదు. కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. ఘాటు వల్లే అని పక్కవాళ్లకు చెప్పాడు.

ఇక అసలు మరమ్మతు. కంతలు మూయొద్దని ఒక బోర్డు రాసి పెట్టి రావచ్చు. నేను వెళ్లిన మర్నాడే మళ్లీ మూస్తారు, ఎందుకంటే ఘాటు అక్కడే ఉంటుంది. అందుకని ఘాటు గదిలోకి రాకుండానే గాలి ఆడేలా ఒక చిన్న ప్లాను గీశాను. షెడ్డు వైపు తలుపు సందులకు రబ్బరు పట్టీ వేయించి, గాలి లోపలికి వచ్చే దారిని వెనక వేపచెట్టు వైపు బయటి గోడకు కింద పెట్టించాను. ఆఫీసు గోడ పగుళ్లు మూయించాను. ఫ్యాను పైనే ఉంచి, మోటారు బయటికి, నిప్పురవ్వ రాని రకం పెట్టించాను. ఫ్యాను తిరిగితేనే ఛార్జరుకు కరెంటు అందేలా రెండింటినీ ఇంటర్‌లాక్ చేశాను, అంటే ఒకటి ఆగితే రెండోది తనంతట తనే ఆగిపోతుంది. ఛార్జరు కూడా నిండగానే ఆగే రకానికి మార్చాం. కప్పు కింద ఒక చిన్న హైడ్రోజన్ సెన్సర్ బిగించాం. నేను సొంతంగా గీసిన మొదటి ప్లాను అది. ఇప్పటికీ ఒక్క గీత మార్చాల్సిన అవసరం రాలేదు.

పని జరుగుతున్నన్నాళ్లూ సాంబశివరావు గారికి హైడ్రోజన్ అంటే భయం పట్టుకుంది. దాన్ని పూర్తిగా వదిలించుకునే మార్గం లేదా అని అడిగారు. లేదని, అవసరం కూడా లేదని చెప్పాను. మీ చాంబర్లను చల్లబరిచే అమ్మోనియాలో ప్రతి నాలుగు పరమాణువుల్లో మూడు హైడ్రోజన్‌వే. మిరపకూ పత్తికీ వేసే యూరియా తయారయ్యేది ఆ అమ్మోనియాతోనే. పత్తి గింజల నూనెలో హైడ్రోజన్ పట్టిస్తే గడ్డకట్టి వనస్పతి అవుతుంది. శ్రీహరికోట నుంచి లేచే పెద్ద రాకెట్ల పై అంచెలో దాన్నే ద్రవంగా చేసి మండిస్తారు. బస్సులు కూడా నడుపుతున్నారు, వాటి పొగగొట్టంలోంచి వచ్చేది నీటి ఆవిరి. ఆయన అంతా విని, "అయితే రాకెట్టు ఇంధనాన్ని గోనెసంచులతో బిరడా వేశామన్నమాట" అన్నారు.

ఆరు నెలల తర్వాత ఆయనే ఫోన్ చేశారు. చుట్టుపక్కల నాలుగు కోల్డ్ స్టోరేజీల ఆపరేటర్లను పిలిపించానని, వచ్చి శిక్షణ ఇవ్వమని అన్నారు. వెళ్లాను. కిట్ సర్దుతుంటే మస్తాన్ వలి వచ్చి, ఈ ఒక్కటీ నేను చేసి చూపిస్తాను సార్, తప్పయితే మీరు ఆపండి అన్నాడు. పక్కకు జరిగి నిలబడ్డాను. గొట్టాలు బోర్లించాడు, బుడగలు చూపించాడు. ఏ గొట్టంలో ఏముందో, ఎందుకు రెట్టింపో చెప్పాడు. అగ్గిపుల్ల గీసే ముందు అందరినీ రెండడుగులు వెనక్కి జరిపాడు. నేను ఆపాల్సిన చోటు ఒక్కటీ రాలేదు.

ఆ కేసు నాకు నేర్పింది చిన్నదే. ఏదైనా పోయిందని పిలిచినప్పుడు, తీసినవాడి కోసం వెతకడం మొదలుపెడితే మనుషుల మీదే చూపు ఆగిపోతుంది. పోయినది ఏ దారిన పోగలదో ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్తే దారులు అయిపోయేచోట నిజం ఉంటుంది. నా ఉద్యోగంలో ఇంతకన్నా పెద్ద ఫ్యాక్టరీలు, ఖరీదైన బ్యాటరీలు చాలా బాగుచేశాను. కానీ నువ్వేం పని చేస్తావని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఈ గది గురించే. అక్కడ ఒక మనిషి తన బండి మీదే ఉన్నాడు, ఒక కప్పు తన గోడల మీదే ఉంది.